నాడె చేసిన సంతకం

కరీంనగర్
4 ఆగస్టు 1963

తమ్ముడు రామచంద్రానికి,

అక్క అనసూర్య ఆశీస్సులు ముందు, తిట్లు తర్వాత. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. బొగ్గుగనిలో దిగినవాడికి అక్క కూడా కనబడదా? మీ బావ నాగయ్య "పనిల వున్నడేమో, జర ఆగు" అంటాడు. ఆయనకేం, మగ్గం గుంటలో కూర్చుంటే ప్రపంచం మునిగినా తెలియదు.

అసలు సంగతికి వస్తాను. నీకు పిల్లను చూశాను. పేరు ఐలవ్వ. మన చేనేత సంఘం గుమాస్తా లింగమూర్తి చిన్నకూతురు. నిదానం మనిషి. కండెలు చుట్టేటప్పుడు దారం తెగితే నాలాగా విసుక్కోదు, కూర్చుని ముడి వేస్తుంది. పిల్లకు నీ ఫోటో చూపించాను. చూసి, తిరిగి ఇవ్వడానికి కొంచెం ఆలస్యం చేసింది.

లింగమూర్తి మామ సంగతి నీకు తెలుసు కదా. సంతకం వచ్చినవాళ్ల చేత కూడా వేలిముద్ర వేయించే మనిషి. బాపు చనిపోయిన ఏడు సంఘంలో బాపు వాటా నీ పేరున పెట్టినప్పుడు నీ చేత సంతకమూ వేలూ రెండూ వేయించాడు. నువ్వు ఆ సిరా నా కొంగుకు తుడిచావు, ఆ మరక ఇంకా పోలేదు. "సంతకం మనసును బట్టి మారుతది బిడ్డా, ఏలు మారది" అని ఇప్పటికీ అంటాడు. అలాంటివాడు పిల్లనిచ్చే ముందు ఊరుకుంటాడా? నీ గురించి నాలుగు చోట్ల అడుగుతాడు. మాఘంలో పెళ్లి అనుకుంటున్నాం.

ఇంకొకటి. ఉత్తరం మీద నీ పేరు ఎందుకు రాయవద్దంటావు? ఐదేళ్లుగా "బుచ్చిరాములు హోటల్, బెల్లంపల్లి" అని మాత్రమే రాస్తున్నాను. పోస్టాఫీసులో ముసలాయన మొన్న "బుచ్చిరాములు నీకేమైతడమ్మా?" అని అడిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వెంటనే జవాబు రాయి.

నీ అక్క
అనసూర్య


బెల్లంపల్లి
19 ఆగస్టు 1963

అక్కకు, బావకు నమస్కారాలు.

తిట్లు అన్నీ అందాయి. ఆశీస్సులు పెద్దపల్లి స్టేషన్‌లో దిగిపోయినట్టున్నాయి, రాలేదు.

రెండు నెలలు రాయకపోవడానికి కారణం ఉంది. జూన్ మొదట్లో గనిలో పైకప్పు కూలి హనుమండ్లు పోయాడు. నా జోడీదారు. మనలాగే కరీంనగర్‌లో మగ్గం వదిలి వచ్చినవాడు. గొంతు పెద్దది కాబట్టి అందరం "గంట" అని పిలిచేవాళ్లం. ఆయన భార్య కనకవ్వ, ఇద్దరు ఆడపిల్లలు ఇక్కడే ఉన్నారు. ఆఫీసు నుంచి ఆమెకు రావలసింది ఏదో కాగితాల చిక్కులో ఆగిపోయింది. అందుకే ఇప్పుడు మేమంతా ఒక విచిత్రమైన పని మొదలుపెట్టాం.

దొరల క్లబ్బు వెనక పొడుగాటి రేకుల షెడ్డు ఒకటి ఉంది. లోపల నున్నటి చెక్కపలకల బాట, దాని చివర సీసాల ఆకారంలో పది కట్టెబొమ్మలు. ఇవతలి నుంచి బరువైన కట్టె గుండును దొర్లించి ఆ సీసాలను పడగొట్టాలి. దీన్ని బౌలింగ్ అంటారట. వెనకటి ఇంగ్లీషు దొరలు ఆడి వదిలేసి పోయారు. కొత్తగా వచ్చిన వెల్ఫేర్ ఆఫీసర్ ఆ షెడ్డు తలుపు తీయించి, "కూలీలు ఆడితే పలకలు అరుగుతాయా?" అని క్లబ్బువాళ్లతోనే గొడవపడ్డాడు. పుచ్చిన పలకలు మావాళ్లే మార్చారు. గనిలో కప్పుకు దుంగలు నిలబెట్టే చేతులకు అదెంత పని! ఆదివారం ఆదివారం పోటీ. టికెట్ల మీద వచ్చింది కనకవ్వకు.

జనం ఆట చూడడానికి వస్తున్నారనుకునేవు. కాదు, పిలుపుపేర్లు చూడడానికి వస్తున్నారు. గోడల మీద అంటించిన కాగితాల్లో ఎవరి అసలు పేరూ లేదు. నిలబడి నిద్రపోయేవాడు "మూడో షిఫ్ట్". ఏమడిగినా అదే జవాబు చెప్పేవాడు "దేవుడెరుగు". ఆస్పత్రి డాక్టరు "చేదుమందు". గుండు వదిలే ముందు ఒక చుట్టు తిరిగే స్టోర్స్ గుమాస్తా "బొంగరం". డాక్టరుగారు తన పేరు చూసి మొదట ముఖం ముడుచుకున్నాడు. తర్వాత జనం "చేదుమందూ!" అని కేకలు పెడుతుంటే ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు.

నా పేరేమిటో తెలుసా? "నాడె". బాపు పాత మగ్గం మీద దారాల మధ్య అటూ ఇటూ చేత్తో నాడె విసిరిన చెయ్యి కదా, గుండు పక్కకు పోదు. పోతే, నాడె గోడకు తగిలినప్పుడల్లా బాపు వేసిన మొట్టికాయ గుర్తొస్తుంది.

పెళ్లి మాట ఇప్పుడే వద్దు. లింగమూర్తి మామను ఇటు పంపించకు. వానలు, దారి బాగాలేదు.

నీ తమ్ముడు
రామచంద్రం


కరీంనగర్
8 సెప్టెంబరు 1963

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇంట్లో రెండుసార్లు, ఐలవ్వ ముందు ఒకసారి చదివాను. "చేదుమందు" దగ్గర ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాడె" దగ్గర చెయ్యి తీసేసింది. ఆ పేరు నాకూ నచ్చింది. బాపు ఉంటే ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు.

కనకవ్వ గురించి చదివి మనసు పాడైంది. పైకప్పు కూలిన మాట ఎంత చల్లగా రాశావురా! నీ జోడీదారు అంటే ఆ రోజు నువ్వెక్కడున్నావు? అది రాయలేదు. రాయి.

రైలు వానకు ఆగదు కాబట్టి దారి మాట నేను నమ్మలేదు. లింగమూర్తి మామ వచ్చే బుధవారం బయల్దేరుతున్నాడు. నేను వద్దన్నా ఆగే మనిషి కాదు. "పిల్లనిచ్చే ముందు పిలగాడు పనిచేసే జాగ చూడాలె గదమ్మా" అన్నాడు. అందులో తప్పేముంది? గొడుగు, కళ్లద్దాలు, భుజాన గుడ్డసంచి ఉంటాయి, గుర్తుపట్టు. ఆయన ముందు బీడీ కాల్చకు.

అక్క


బెల్లంపల్లి
11 సెప్టెంబరు 1963

అక్కా,

ఈ ఉత్తరం అందేసరికి ఆలస్యమవుతుందని తెలుసు. అయినా రాస్తున్నాను. మామను ఆపు. జ్వరమని చెప్పు, బదిలీ అయ్యానని చెప్పు, ఏదైనా చెప్పు. ఆయన గని దగ్గరికి వచ్చి నా పేరు అడగకూడదు. ఎందుకని అడగవద్దు.

రామచంద్రం


కరీంనగర్
16 సెప్టెంబరు 1963

రామచంద్రం,

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న లింగమూర్తి మామ వచ్చి మా వాకిట్లో నిలబడే మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నాను. "గనికాడికి పోయిన. హాజరు మస్టర్ రాసేటాయన్ను అడిగిన. రామచంద్రం అనేటోడు గీ గనిల లేడు, ఎన్నడూ లేకుండె అన్నడు. హోటల్ బుచ్చిరాములును అడిగిన. గా పేరు ఎన్నడు ఇనలే అన్నడు. ఏమమ్మా అనసూర్యా, లేని మనిషికి నా బిడ్డనిస్తనా?"

ఐదేళ్లుగా నా ఉత్తరాలు అందుకుంటున్న బుచ్చిరాములు నీ పేరే వినలేదట! ఇంకా చెప్పాడు మామ. "ఊరంత మారుపేర్ల కాగితాలే అంటిచ్చిన్రు. ఒక్కనికి అవ్వబాపు పెట్టిన పేరు లేదు." ఐలవ్వ ఇక్కడ లేదు కానీ, మా వాడకట్టు మొత్తం వినే ఉంటుంది.

నువ్వు అసలు గనిలోనే పనిచేస్తున్నావా? నెలనెలా నువ్వు పంపిన దాంతోనే బావకు ఆపరేషన్ చేయించాం. అదెక్కడిది? దొంగతనం చేశావా, ఎవరినైనా ముంచావా? నిజం రాయి. అబద్ధమైతే ఇక రాయకు.

అనసూర్య


బెల్లంపల్లి
22 సెప్టెంబరు 1963

అక్కా,

దొంగతనమే చేశాను. పేరు దొంగిలించాను. అదీ ఇచ్చినవాడి ఇష్టంతోనే.

మన వాడకట్టు లచ్చయ్య గుర్తున్నాడు కదా? ఐదేళ్ల కింద గని పనికి అర్జీ పెట్టింది అతను. జాబితాలో పేరు వచ్చింది. తోడు కోసం నన్ను వెంటబెట్టుకొని వచ్చాడు. గని నోటి దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశాడు. "నాతోని గాదు తమ్మీ. నా పేరు నువ్వే పెట్టుకో, నేను ఇంటికి పోత" అన్నాడు. మన మగ్గం అప్పటికి ఆరు నెలలుగా ఖాళీ. మర్నాడు "లచ్చయ్య!" అని పిలిచారు. నేను పలికాను.

అంతే అక్కా. అప్పటి నుంచి మస్టర్‌లో నేను లచ్చయ్యను. లచ్చయ్యకు చదువు రాదని అర్జీలో రాసి ఉంది. గుమాస్తా సిరా దిండు నా ముందుకు తోశాడు. నేను బొటనవేలు పెట్టాను. ఐదేళ్లుగా ప్రతి జీతానికీ వేలే పెడుతున్నాను. చదువు రానివాడిలాగా నోటీసు బోర్డు ముందు నిలబడి పక్కవాణ్ని "ఏం రాసిన్రు?" అని అడుగుతాను. నీ ఉత్తరాలు బుచ్చిరాములు హోటల్ వెనక గదిలో చదువుకుంటాను, అక్కడే జవాబులు రాస్తాను. ఈ ఊళ్లో నా పేరు తెలిసింది అతనికొక్కడికే. లింగమూర్తి మామ వస్తున్నాడని అతనికి ముందే చెప్పాలని కంగారులో నాకు తోచలేదు; గొడుగు, కళ్లద్దాలు చూసి ఆఫీసు నుంచి విచారణకు వచ్చిన మనిషి అనుకున్నాడు. నన్ను కాపాడాలని తెలియదన్నాడు. మామ రైలెక్కాక నేను గనిలోంచి పైకి వచ్చాను. సంగతి చెప్పేసరికి పాపం బుచ్చిరాములు తన నెత్తి తానే కొట్టుకున్నాడు.

ఇలాంటివాణ్ని నేనొక్కణ్నే కాదు. అందుకే ఇక్కడ అందరికీ పిలుపుపేర్లు. మస్టర్‌లో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు ఉన్నవాడు పొరపాటున ఏది పలికినా ప్రమాదమే. ఈ మూడో పేరుకు భయం లేదు. "లచ్చయ్యా" అంటే ఐదేళ్లయినా ఒక క్షణం ఆలోచించి పలుకుతాను. "నాడె" అంటే వెంటనే తిరిగి చూస్తాను. ఆ షెడ్డులో జనం "నాడె! నాడె!" అని అరుస్తుంటే నాకెంత హాయిగా ఉంటుందో నీకు చెప్పలేను. అది నాకే ఇచ్చిన పేరు. ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు.

ఇక కనకవ్వ కాగితాల చిక్కు ఏమిటో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. హనుమండ్లు మస్టర్‌లో పోశయ్య. "నా మొగని పేరు హనుమండ్లు" అని ఆమె అంటుంది. "చనిపోయింది పోశయ్య" అని ఆఫీసు అంటుంది. అడిగావు కాబట్టి చెబుతున్నాను. కప్పు కూలినప్పుడు నేను ఆయనకు ఆరడుగుల దూరంలో ఉన్నాను. నీళ్లు తాగడానికి ఇటు జరిగాను.

మొన్న ఆదివారం ఆటలో దొరికిపోయేవాణ్నే. పలక మీద లెక్క రాసేవాడు నేను పడగొట్టిన తొమ్మిది సీసాలనూ బొంగరం పేరు కింద వేశాడు. నేను ఊరుకోలేక "సార్, అది నా కింద రాయాలె" అన్నాను. షెడ్డంతా నా వైపు చూసింది. "నీకు సదువొస్తదా?" అని వెల్ఫేర్ ఆఫీసర్ అడిగాడు. "బొంగరం అంటే లావుగుంటది, నాడె అంటే సన్నగుంటది సార్, చూస్తే తెలుస్తది" అన్నాను. నవ్వారు కానీ ఆయన మాత్రం నవ్వలేదు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నేనూ పోశయ్యనే.

నీ తమ్ముడు
రామచంద్రం


కరీంనగర్
1 అక్టోబరు 1963

తమ్ముడూ,

ఉత్తరం చదివి ముందు ఊపిరి పీల్చుకున్నాను. దొంగవు కానందుకు. తర్వాత ఏడ్చాను. పేరు మార్చుకున్నందుకు కాదు, ఆకలి వేసినప్పుడు నేనైనా పలికేదాన్నేమో. వేలు పెట్టినందుకు ఏడ్చాను.

నన్ను బడికి నాలుగో తరగతి వరకే పంపారు. ఆ నాలుగు తరగతులూ తెచ్చి నీకు పోశానురా. మగ్గం గుంట పక్కన మట్టినేల మీద పుల్లతో నీ పేరు దిద్దించాను. "ద్ర" రాయడానికి నీకు మూడు రోజులు పట్టింది. మూడో రోజు వచ్చినప్పుడు అవ్వను చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి చూపించావు. అవ్వకు చదవడం రాదు, అయినా తొక్కకుండా రెండు రోజులు ఆ చోటు ఊడవలేదు. ఆ అక్షరాలను దాచిపెట్టి ఐదేళ్లు బొటనవేలు చూపించావా?

సరే, అది నా బాధ. నీ సంగతికి వస్తాను. ఉద్యోగం పోతే పోతుంది. మన మగ్గం గుంట ఇంకా పూడ్చలేదు, బావ పక్కన నీకు చోటుంటుంది. కానీ రేపు నీ మీద కప్పు కూలితే నేను అక్కడికి వచ్చి ఏ పేరు పెట్టి ఏడవాలి? రామచంద్రం అంటే వాళ్లు శవాన్ని చూపిస్తారా? లచ్చయ్య అని ఏడవనా? లచ్చయ్య నిన్ననే సంతలో వంకాయలు బేరం చేస్తున్నాడు.

ఏం చేయాలో నేను చెప్పను. ఇంతవరకు అన్నీ చెప్పాను కదా, ఇది నువ్వే తేల్చుకో. లింగమూర్తి మామ దగ్గరికి మాత్రం నేను వెళతాను. పిల్లనివ్వకపోతే మానె, అబద్ధాలకోరు ఇల్లు అనే మాట మాత్రం పడను.

అక్క


బెల్లంపల్లి
11 నవంబరు 1963

అక్కా,

ముందే చెబుతున్నాను, ఓడిపోయాను. నిన్న ఆఖరి పోటీ. నాడెకూ బొంగరానికీ. ఒక్క సీసా తేడాతో బొంగరం గెలిచాడు. ఆఖరి గుండుకు తొమ్మిది పడ్డాయి, పదోది ఊగింది, ఊగింది, నిలబడింది. జనం తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం చెయ్యి బాగానే నడిచిందనిపించింది. బొంగరం ఆ రోజు తిరిగినట్టు ఇంకెవడూ తిరగలేడు.

తర్వాత జరిగింది చెబుతాను. కనకవ్వను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆఖరి వరకు ఆడిన ఇద్దరికీ ఆమె చేత శాలువాలు కప్పించారు. క్లబ్బు పుస్తకంలో మా ఇద్దరి పేర్లూ ఉండాలన్నారు. బొంగరం సంతకం చేశాడు. నాకు చదువు రాదని వెల్ఫేర్ ఆఫీసర్ మర్యాదగా సిరా దిండు తెప్పించి పుస్తకం పక్కన పెట్టాడు. వేలు పెట్టి దిగిపోతే అయిపోయేది. ఓడినవాడి గురించి ఎవరు అడుగుతారు?

కనకవ్వ అడిగింది. శాలువా సర్దుతూ మెల్లగా, "నాడె అన్న మాటేగాని నీ అసలు పేరు ఎరుక లేదు బిడ్డా. ఏం పేరు? నా పిల్లలకు జెప్పుకుంట" అంది.

ఆమె ముఖం చూస్తూ లచ్చయ్య అని ఎలా చెప్పను అక్కా? ఆ ఇంటికి వచ్చిన కష్టమే ఆ అబద్ధం కదా. నేను సిరా దిండు పక్కకు జరిపి కలం అడిగాను. పుస్తకంలో రామచంద్రం అని రాశాను. రాసింది పైకి చదివి ఆమెకు వినిపించాను. మైకు దగ్గరే ఉంది కాబట్టి షెడ్డంతా విన్నది.

వెల్ఫేర్ ఆఫీసర్ "రామచంద్రం ఎవరు?" అన్నాడు. "నేనే సార్. మస్టర్‌ల లచ్చయ్య, పుట్టినకాన్నుంచి రామచంద్రం. గీమె మొగడు గూడ మస్టర్‌ల పోశయ్య, పుట్టినకాన్నుంచి హనుమండ్లు" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మావాళ్లంతా తమ చెప్పులు చూసుకున్నారు. బయటికి వచ్చాక దేవుడెరుగు నా చొక్కా పట్టుకొని "ఏం జేసినవ్‌ర! అందరి పొయ్యిలల్ల నీళ్లు వోస్తివి" అన్నాడు. వాడికి నలుగురు పిల్లలు.

ఈ ఉదయం ఆఫీసులో నన్ను పని ఆపమన్నారు. వెల్ఫేర్ ఆఫీసర్ చెడ్డవాడు కాదు. "గనిలో దిగిందీ, వేలు పెట్టిందీ నువ్వే. ఆ వేలు రామచంద్రానిదే అని పదిహేను రోజుల్లో రుజువు తీసుకురా. అప్పుడు మేనేజరుతో నేను మాట్లాడతాను" అన్నాడు. నా వేలు నా చేతికే ఉంది. అది నాదేనని ఎవరు చెబుతారు?

భయంగా ఉంది. కానీ రాత్రి బాగా నిద్రపట్టింది.

రామచంద్రం


కరీంనగర్
17 నవంబరు 1963

తమ్ముడూ, నా బంగారు తమ్ముడూ,

ఎవరు చెబుతారని అడుగుతావా? నా కొంగు మీద మరక చెబుతుంది! అది గుర్తొచ్చి నీ ఉత్తరాలు చేత్తో పట్టుకొని చెప్పులు లేకుండా పరుగెత్తాను.

లింగమూర్తి మామ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంతకుముందు రెండుసార్లు వెళితే ఇలాగే తిప్పుకున్నాడు. ఈసారి నేను ఆయన తిరిగిన వైపే వెళ్లి నిలబడి నీ ఉత్తరాలు రెండూ గట్టిగా చదివాను. లచ్చయ్య సంగతికి కళ్లద్దాలు తీశాడు. సిరా దిండు పక్కకు జరిపిన చోట మళ్లీ పెట్టుకున్నాడు. చదవడం అయ్యాక లేచాడు. లోపలికి వెళ్లి సంఘం రిజిస్టరు తెచ్చాడు. పేజీ తిప్పి నాకు చూపించాడు. నీ సంతకం, దాని పక్కన నీ బొటనవేలు. పుట్టుమచ్చంత మసక కూడా లేదు.

"నా రిజిస్టర్‌ల ఉన్నోడు లేనోడెట్లయితడు?" అన్నాడు. ఆ మాట గని ఆఫీసును అన్నాడో, తనను తాను అనుకున్నాడో తెలియదు.

అంతటితో ఆగలేదు. హనుమండ్లు కూడా ఇక్కడివాడేనని రాశావు కదా. కూర్చొని పాత పేజీలన్నీ తిప్పాడు. ఐలవ్వ దీపపు చిమ్నీ తుడుస్తూ తుడుస్తూ వచ్చి తండ్రి భుజం మీద నుంచి తొంగిచూసింది. "గిదిగో బాపూ" అని ముందు చూసింది ఆ పిల్లే. హనుమండ్లు వేలు, తొమ్మిదేళ్ల కిందటిది, కనకవ్వ భర్తగా రాసి ఉంది. నేను అరుగు మీదే కూలబడ్డాను. ఐలవ్వ నీళ్లు తెచ్చింది.

మామ గురువారం బయల్దేరుతున్నాడు. రిజిస్టరును బట్టలో చుట్టి, పైన సంచిలో పెట్టి, ఆ సంచిని ఇప్పటి నుంచే చేతికి కట్టుకున్నాడు. లచ్చయ్యను కూడా వెంటబెట్టుకొస్తున్నాడు. లచ్చయ్య "గనిల దిగుమంటరా?" అని మూడుసార్లు అడిగాడు. దించరని నేను ఒట్టు పెట్టాను.

ఈసారి స్టేషన్‌కు నువ్వే వెళ్లు. నీ పేరు నువ్వే చెప్పుకో.

అక్క


బెల్లంపల్లి
8 డిసెంబరు 1963

అక్కకు, బావకు నమస్కారాలు.

కుదుటపడ్డాకే రాయాలని ఆగాను. కుదుటపడింది.

లింగమూర్తి మామ ఆఫీసులో కూర్చున్న తీరు చూసి ఉండాల్సింది. రిజిస్టరు ఎవరి చేతికీ ఇవ్వలేదు. "మీరు చూడుండ్రి, నేను పట్టుకుంట" అన్నాడు. భూతద్దం తెచ్చి రిజిస్టరులో నా వేలినీ, ఐదేళ్ల జీతాల వేళ్లనూ పక్కపక్కన చూశారు. నా బొటనవేలి అడుగున చిన్నప్పుడు నాడె మొన గుచ్చుకున్న గీత ఒకటి ఉంది. అది ప్రతి ముద్రలోనూ ఉంది. లచ్చయ్యను కూడా వేలు పెట్టమన్నారు. వాడి వేలు వేరే. "నేను ఒక్కపూట గూడ దిగలే సార్, మీ మీదొట్టు" అని వాడు ఎవరూ అడగకముందే చెప్పాడు. వెల్ఫేర్ ఆఫీసర్ నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

మేనేజరు ఒప్పుకున్నాడు. చేసిన తప్పుకు పని ఆపిన రోజుల జీతం రాదు. పేరు మాత్రం మార్చారు. గనిలో దిగే నా టోకెన్ బిళ్ల నాదే. హనుమండ్లు వేలూ పోశయ్య జీతాల వేళ్లతో కలిసింది. కనకవ్వ కాగితాల మీద నా ఎదురుగానే సంతకాలయ్యాయి. ఆమె ఆ కాగితంలో భర్త పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చుంది.

పొయ్యిలో నీళ్లు పోశానన్న దేవుడెరుగు మొన్న బుచ్చిరాములు హోటల్‌కు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఊళ్లో తన వేలు ఉన్న కాగితం ఏదైనా పనికొస్తుందా అని అడిగాడు. నీ పేరేమిటని అడిగితే చెవిలో చెప్పాడు. చక్కని పేరు. ఇప్పటికి ఏడుగురు వచ్చారు. ఉత్తరాలు రాసిపెట్టేది నేనే, హోటల్ ముందు బల్ల మీద కూర్చొని. బుచ్చిరాములు లింగమూర్తి మామకు మూడు పూటలా మిర్చి బజ్జీలు పెట్టి, "నేనే ముంచిన సారూ" అని మొత్తుకున్నాడు. మామ అన్నీ తిన్నాడు. రైలెక్కేటప్పుడు నాతో, "పెండ్లినాడు నీతోని సంతకం బెట్టిస్త, ఏలు గూడ ఏపిస్త. ఎందుకైన మంచిది" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే కదా? నువ్వు ఒకసారి కనుక్కో. నీకు నీళ్లు ఇచ్చినందుకు, రిజిస్టరులో ముందు చూసినందుకు ఐలవ్వకు నా మాటగా చెప్పు. ఏం చెప్పాలో నీకే తెలుసు.

నిన్న జీతం రోజు. వరుసలో నా వంతు వచ్చింది. జీతాల గుమాస్తా తల ఎత్తకుండానే "రామచంద్రం" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. నేను కూడా పలకలేదు. వెనక ఉన్న మూడో షిఫ్ట్ నన్ను పొడిచి "నాడే, నిన్నేరా" అన్నాడు. నిద్రపోయేవాడు నన్ను లేపాడు చూడు.

గుమాస్తా అలవాటుగా సిరా దిండు నా వైపు తోశాడు. నేను దాన్ని వెనక్కి తోసి కలం తీసుకున్నాను. రాశాను అక్కా. "ద్ర" కొంచెం వంకరగా వచ్చింది. నువ్వు ఉంటే చెరిపి మళ్లీ రాయించేదానివి. నేను చెరపలేదు.

నీ తమ్ముడు
రామచంద్రం

ఈసారి జవాబు రాసేటప్పుడు బుచ్చిరాములు పేరు వద్దు. నా పేరే రాయి.